అరవై రెండు సంతకాలు

"ఈ అక్షరం ఎవరిది?"

ఉజ్వల అలా అడగడం అది మూడోసారి. జెరాక్సు కాగితం ఉయ్యాలబల్ల మీద పడి ఉంది. ఫ్యాను గాలికి దాని మూల లేస్తోంది, పడుతోంది. శ్రీపాద్ ఆ వైపు చూడకుండా, కలిపిన మజ్జిగన్నాన్నే మళ్లీ కలుపుతున్నాడు.

"అహో, మిమ్మల్నే. చెవులు కూడా ఆ కార్పొరేటర్ తాత్యాసాహెబ్ ఇంట్లోనే పెట్టి వచ్చారా?"

"అన్నం తిననివ్వు."

"తినండి. తింటూనే చెప్పండి. ఈ అక్షరం ఎవరిది?"

అత్తగారు యమూతాయి వంటింటి గడప దగ్గర కూర్చుని మామిడికాయల చెక్కు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"తినే మనిషిని కదిలించకూడదే తల్లీ. గొంతుకి అడ్డం పడుతుంది."

"అడ్డం పడాలనే అడుగుతున్నాను ఆయీ."

పంతొమ్మిదేళ్ల కాపురంలో ఉజ్వల అత్తగారికి ఎదురు చెప్పిన మాట అదొక్కటే. యమూతాయి చేతిలో కాయ కత్తిపీట మీద ఆగిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత మళ్లీ చెక్కు రాలడం మొదలైంది.

నిజానికి ఆ అక్షరం ఎవరిదో అడగనక్కర్లేదు. పుణే పాతపేటల్లో మా పేట ఒక మూల. ఈ మూలలో రేషను కార్డు పోయినవాడి దగ్గర్నుంచి మొగుడు పోయినామె దాకా అందరి అర్జీలూ శ్రీపాద్ దేవస్థళీ మాస్టారే రాస్తాడు. వాక్యం మొత్తం రాసేశాక, మరాఠీ అక్షరాల నెత్తిన ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకే ఒక్క గీత లాగుతాడు. మధ్యలో చెయ్యి ఎత్తడు. ఆ గీత చూస్తే చాలు, వార్డు ఆఫీసులో బంట్రోతు కూడా "మాస్టారి కాగితం వచ్చింది" అంటాడు. ఆ రాతకి ఆయన ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోడు. ఒక్కటే పట్టుదల ఉంది. అర్జీ పెట్టుకునే మనిషి ఎదురుగా కూర్చుని కష్టమంతా చెప్పుకోవాలి. రాశాక ఆయన పైకి చదివి వినిపిస్తాడు. విన్నాకే సంతకం, లేదా వేలిముద్ర.

మరి ఈ కాగితం రాసేముందు ఎవరి కష్టం విన్నాడు?

ఉజ్వల పొద్దున్న ఎంత సంబరంగా బయల్దేరిందో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. దేవుడి గూటి కింద సొరుగులో సంతకాల కాగితాలు కనబడలేదు. అత్తగారిని అడిగితే, "నీకెందుకు శ్రమ అని మనవాడే తీసుకెళ్లి ఇచ్చేశాడేమోనే" అంది. మొగుడికి తన మీద ఇంత శ్రద్ధా అని మురిసిపోయింది పిచ్చిది. ముట్టినట్టు ముద్ర వేయించుకుందామని వార్డు ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా ఫైలు తీసి చూపించాడు.

"గురువారమే వచ్చిందిగా బాయీ మీ కాగితం. సోన్‌చాఫా తోట బాగుచెయ్యడం గురించేగా? మీ ఆడవాళ్లదే అన్నిటికన్నా బలంగా ఉంది. అరవై రెండు సంతకాలు! మిగతా పేటలో అంతా కలిపి పది కాగితాలు రాలేదు."

ఆ అరవై రెండు సంతకాలూ ఉజ్వల తీసుకున్నవే. తోట గేటుకి నోటీసు అంటించిన వారంలోనే. తోటని అందంగా తీర్చిదిద్దుతారట, పేటవాళ్లు సూచనలూ అభ్యంతరాలూ ముప్పై రోజుల్లో రాసి ఇవ్వాలట. ఇంతకాలానికి అడిగే నాథుడు దొరికాడు కదా అని, చైత్రగౌరి పసుపు-కుంకుమకి పిలిచిన ఆడవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించింది. కుంకుమ పెట్టి, పన్నీరు చల్లి, ఒడిలో నానేసిన శనగలు పోసి, "ఇక్కడో సంతకం వదినా" అంది. ఆ పూట పిలిచిన ఇంటి ఇల్లాలు ఏది చేతికిస్తే అది కళ్లకద్దుకుని తీసుకుంటారే తప్ప కాదనరు. చదివేదెవరు? మొదటి కాగితంలో కోరిక ఉంది: ఆడవాళ్లకి ఓ మరుగుదొడ్డి, వెనక దారిలో రెండు దీపాలు. తర్వాతి నాలుగు కాగితాల్లో ఒట్టి పేర్లు, చిరునామాలు, సంతకాలు.

ఫైల్లో ఆ నాలుగు కాగితాలూ అలాగే ఉన్నాయి. ఒకటో నంబరు ఉజ్వల సంతకం, పక్కన పసుపు మరక కూడా ఉంది. పైనున్న మొదటి కాగితం మాత్రం వేరు.

"చదవనా పైకి?" అంది ఉజ్వల జెరాక్సు తీసుకుని. "పైకి చదవడం మీ నియమం కదా."

"వద్దు."

"'తోట ఈశాన్య మూలన గల రేకుల గది, మొక్కల మడి కారణంగా అక్కడ అపరిచిత పురుషులు గుమిగూడుతున్నందున, స్త్రీలమైన మేము సాయంవేళ తోటలోకి రావడానికి భయపడుతున్నాము. కావున సదరు గదిని తక్షణం తొలగించి, ఆ స్థలాన్ని తినుబండారాల దుకాణాలకు కేటాయించవలసిందిగా...' ఎవరండీ ఈ అపరిచిత పురుషులు? తులసిమొక్క కొనడానికి వెళ్లే మీరా? మందారం అంటు తెచ్చిన ఎదురు సందు కుందాకాకూ వాళ్లాయనా?"

శ్రీపాద్ కంచంలో చెయ్యి కడిగేశాడు. అన్నం సగం మిగిలే ఉంది.

"ఆ రేకుల గదిలో ఉండేది ఎవరో తెలీదా మీకు? హౌసాబాయి ఒంటరి మనిషి. మొగుడు కిసన్ పోయిన నెల్లాళ్లకి ఆవిడ్ని వెళ్లగొట్టబోతే, 'తోటమాలి భార్యనైన నేను తప్ప ఈ మొక్కలకి ఇంకో తల్లి లేదు' అని అర్జీ రాసి ఆ గది నిలబెట్టిందెవరు? ఏడేళ్ల పిల్లలకి దస్తూరీ దిద్దించే ఈ చెయ్యే కదా? పెట్టిన చేత్తోనే తీసేస్తారా?"

"నెమ్మదిగా మాట్లాడు. కింద వినబడుతుంది."

"వినబడేందుకు కింద ఎవరున్నారు? ఏడిళ్లలో ఆరిళ్లు ఖాళీ!"

ఆ మాట నోరు జారి వచ్చింది. నిరుడు వానల్లో ఏడు కుటుంబాలున్న ఈ పాత లోగిలికి, ఈ వాడాకి, పడమటి గోడ కూలింది. అప్పటినుంచి వీధి తలుపు మీద పసుపురంగు కాగితం ఉంది, ఈ కట్టడం ప్రమాదకరం, ఖాళీ చేయవలెను అని. ఒక్కో కుటుంబం సామాను దింపుకుని వెళ్లిపోయింది. దేవస్థళీ వాళ్లు మాత్రం మిగిలారు. జూన్‌లో వానలు పడేలోగా ఖాళీ చేయకపోతే పోలీసుల్ని తెచ్చి చేయిస్తామని పోయిన వారమే ఇంకో కాగితం అంటించి వెళ్లారు.

"అదీ సంగతి," అంది ఉజ్వల మెల్లగా. "ఈ గోడకీ ఆ రేకుల గదికీ లంకె వేశాడు తాత్యాసాహెబ్."

శ్రీపాద్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటీ విడిగా తుడుచుకున్నాడు.

"ఒక్క పేజీ అడిగాడు. ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటీసు సంగతి తను చూసుకుంటానన్నాడు. ఆయీని ఈ వయసులో ఎక్కడికి తీసుకెళ్లమంటావు? పదమూడో ఏట కాపురానికి వచ్చింది ఈ ఇంటికి."

"తోటలో ఉండే ఆవిడ ఎక్కడికి పోతుందో అడిగారా ఆయన్ని?"

"ఆ గది ఎలాగూ పోయేదే. నేను రాయకపోతే ఇంకోడు రాస్తాడు."

"ఇంకోడు రాస్తే రాయనీండి! ఆ రాత కింద నా పేరు ఉండదుగా. నా గుమ్మంలోకి వచ్చి కుంకుమ పెట్టించుకున్న అరవై ఒక్కమంది పేర్లు ఉండవుగా. ఒడిలో శనగలు పోసి గొంతు కోశానని రేపు వాళ్లు నన్ను అనరా?"

అతను తేలు కుట్టిన దొంగ నోరు నొక్కుకున్నట్టు, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ మనిషి మీద జాలి కూడా కలుగుతుంది. ఊరందరి కష్టాన్నీ చక్కటి వాక్యాల్లో పెట్టగలవాడికి తన కష్టం దగ్గరికొచ్చేసరికి ఒక్క మాట పెగల్లేదు.

"రేపు సాయంత్రం అయిదింటిదాకా గడువు ఉంది," అంది ఉజ్వల. "పొద్దున్నే వెళ్తాను. ఈ పైకాగితం మాది కాదు అని రాసిస్తాను."

అప్పుడు తిరిగాడు శ్రీపాద్.

"ఇవ్వు. ఎవరు మార్చారని అడుగుతారు. అక్షరం చూసి బంట్రోతే చెప్తాడు. సంతకాలు దొంగిలించిన మాస్టారు అని బళ్లో బోర్డు మీద రాస్తారు పిల్లలు. వచ్చే మార్చికి నా కొలువు అయిపోతుంది ఉజ్వలా. ముప్ఫై ఒక్క ఏళ్లు. అదీ పోతే, ఇల్లూ పోతే, నువ్వూ నేనూ ఆయీ ఎక్కడ ఉంటాం? హౌసాబాయి పక్కనా?"

అతని గొంతు కోపంగా లేదు, బతిమాలుతున్నట్టు ఉంది. కోపంగా ఉంటే ఉజ్వలకి బాగుండేది.

ఆమె అత్తగారి వైపు తిరిగింది. దేవుడి సొరుగు తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంటుంది. పడుకున్నా అక్కడే.

"ఆయీ, తాళంచెవి ఇచ్చేటప్పుడు మీకు తెలుసా?"

"ముసలిదాన్నే. కాగితాల సంగతి నాకేం తెలుస్తుంది?" అంది యమూతాయి. పక్కన పారాయణ పోథీ తెరిచి ఉంది. రోజూ మధ్యాహ్నం ఆవిడ కళ్లద్దాలు లేకుండానే రెండు అధ్యాయాలు చదువుతుంది.

*

మూడింటికి ముంగిట్లో కుళాయి దగ్గర నుంచి కేక వినబడింది.

"ఏమే ఉజ్వలా! ఉన్నావా, లేక తాత్యాసాహెబ్ నిన్ను కూడా తనలా కార్పొరేటర్ని చేసేశాడా?"

కుందాకాకూ. ఎదురు సందులో ఉంటుంది. వాళ్ల కుళాయిలో నీళ్లు రాకపోతే ఈ ఖాళీ వాడాకి బిందె పట్టుకుని వస్తుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని పేట అంతటికీ తెలుసు. అయినా ఆవిడ లేకపోతే పేటకి పొద్దుపోదు.

ఉజ్వల పైనుంచి వంగి చూసింది. "ఏంటి కాకూ?"

"ఏంటంటావేంటే! నీ మరుగుదొడ్డికి ముహూర్తం పెట్టేశారు. నలుగురు మనుషులు టేపు పట్టుకుని తోటలోకి వచ్చారు. నువ్వు పోసిన శనగలు ఇంకా నా పళ్లసందులోనే ఉన్నాయి, అప్పుడే పని మొదలు! అమ్మయ్య, ఇక పావుగంటకోసారి ఇంటికి పరిగెత్తకుండా నాలుగు చుట్లు తిరగొచ్చు."

"ఎక్కడ కొలిచారు కాకూ?"

"అదే నాకూ బోధపడలేదు. హౌసాబాయి గది చుట్టూ సున్నంతో గీత గీశారు. మొక్కల మడి కూడా లోపలికే వచ్చింది. పాపం అది చీపురు పట్టుకుని గీతని ఊడ్చేయబోయింది. ఓ మనిషి చెయ్యి పట్టుకుని ఆపాడు. మరుగుదొడ్డి అంత పెద్దది కట్టిస్తున్నారా ఏంటే? పెళ్లివారికి విడిది చెయ్యొచ్చు!"

ఆవిడ నవ్వింది. ఉజ్వల నవ్వలేకపోయింది. నాలుగో నంబరు సంతకం కుందాకాకూది. పెట్టేటప్పుడు "నా పేరులో ఒత్తు ఉందా లేదా" అని అడిగి మరీ పెట్టింది. ఇప్పుడు కిందికి దిగి, కాకూ, మన సంతకాలతోనే ఆ గీత గీశారు అని చెప్పాలి. చెప్తే సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది. అదే మంచిదేమో కూడా. మెట్టు మీద ఒక కాలు పెట్టింది.

"కాకూ!" వెనకనుంచి శ్రీపాద్ గొంతు. అతను వచ్చి ఉజ్వల పక్కన కటకటాల దగ్గర నిలబడ్డాడు. "తోట మీదుగానే వెళ్తారుగా. హౌసాబాయిని నాలుగింటికి ఓసారి రమ్మనండి. మాస్టారు అభ్యంతరం రాసిస్తాడని చెప్పండి. రేపటిదాకా గడువుంది."

"అలా అన్నావ్, బంగారంలాంటి మాట! దానికి నువ్వు తప్ప దిక్కెవరు నాయనా?" అంటూ కాకూ బిందె చంకనెత్తుకుంది.

ఉజ్వల మొగుడి మొహంలోకి చూసింది. కళ్లు తిప్పుకోలేదు ఈసారి అతను.

"నువ్వన్నది నిజమే," అన్నాడు. "పెట్టిన చేత్తో తియ్యకూడదు. ఆవిడ తరఫున నేనే రాస్తాను. ఆ కాగితమూ ఈ కాగితమూ రెండూ ఫైల్లో ఉంటాయి. వినేవాళ్లు విని తేలుస్తారు. కొలత తీసినంత మాత్రాన పడగొట్టినట్టు కాదు."

"మరి నా కాగితం?"

"ఆవిడ అభ్యంతరం వెళ్లాక నీది ఎందుకు? నా పరువు ఈ ఒక్కసారికి కాపాడు ఉజ్వలా. నిన్ను ఇంకేం అడగను."

ఏం చేస్తుంది? అతను అలా అడిగి ఎన్నాళ్లయిందో. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. అవి అబద్ధం నీళ్లు కావని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఉజ్వల మెట్టు మీది కాలు వెనక్కి తీసుకుంది.

"మామిడికాయలు ఉడికాయే," అని పిలిచింది లోపలినుంచి యమూతాయి. "పానకం కలుపు. ఆ మనిషి ఎండన పడి వస్తుంది."

*

హౌసాబాయి ఉత్తి చేతుల్తో రాలేదు. కరివేపాకు రెబ్బలు ఒక చేతిలో, కొబ్బరిచిప్పలో నాటిన చిన్న సోన్‌చాఫా, అంటే సంపెంగ మొక్క ఇంకో చేతిలో. పాదాల మీద సున్నం తెల్లగా ఉంది.

"వహినీ, ఇది కొత్త అంటు. మూడేళ్లకే పూస్తుంది," అంది గుమ్మంలోనే. "నా దగ్గరుంటే ఎవడు తొక్కుతాడో. మీ ముంగిట్లో పెట్టండి."

ఉజ్వల ఆ మొక్క అందుకుని ఎక్కడ పెట్టాలో తోచక దేవుడి గూటి పక్కన పెట్టింది. ఈ ముంగిలి మాత్రం ఎన్నాళ్లుంటుందో ఎవరు చెప్పాలి?

"కూర్చో హౌసా," అంది యమూతాయి. ఆవిడే చాప వేసింది. మామూలుగా వెయ్యదు.

శ్రీపాద్ రాతబల్ల ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రెండు తెల్లకాగితాలు, కలం, సిరాదిండు డబ్బా. డబ్బా మూత ముందే తీసి ఉంది.

"చెప్పు హౌసాబాయీ. మొదటినుంచి చెప్పు."

"మీకు తెలీనిదేముంది మాస్టారూ? మా ఆయన తోటలో చేరేటప్పటికి అక్కడ ముళ్లకంప. బావి నీళ్లు తోడి పోశాం ఇద్దరమూ. నేను కడుపుతో ఉన్నాను, ఆరో నెల. ఆ పిల్ల నిలవలేదు. దాన్ని ఆ మొక్కల మడి అంచునే మట్టిలో పెట్టాడు మా ఆయన, ఎవరికీ చెప్పకుండా. పైన చాఫా నాటాడు. ఇప్పుడది తాడిచెట్టంత అయింది. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఇవాళ గీత గీసేవాడు ఆ చెట్టు మొదట్లో బూటు పెట్టి నిలబడ్డాడు మాస్టారూ."

ఇది ఉజ్వలకి కూడా తెలియదు. ఇన్నేళ్లుగా పేటలో ఆడవాళ్లు జడలో పెట్టుకునే పూలన్నీ ఆ చెట్టువే. ఆమె వంటింట్లోకి వెళ్లి, గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది.

బయట కలం కదులుతున్న చప్పుడు వినబడుతోంది. శ్రీపాద్ అడిగినవాటికి హౌసాబాయి జవాబు చెబుతూనే ఉంది. అపరిచిత మగవాళ్లెవరూ రారని, వచ్చేది తులసికోట కోసం మట్టి అడిగేవాళ్లని, రాత్రి గేటు తాళం వేసేది తనేనని. తోట బాగుచేస్తే తనకి సంతోషమేనని, ఆడవాళ్లకి మరుగుదొడ్డి కట్టమని తనే ఎన్నోసార్లు సూపర్వైజరుని అడిగిందని.

కలం ఆగింది. చివర్లో ఆ పొడుగు గీత లాగిన చప్పుడు కూడా వినబడింది ఉజ్వలకి. ఆ చప్పుడు ఆమెకి నిద్రలో కూడా తెలుసు.

"చదువుతాను విను," అన్నాడు శ్రీపాద్.

ఉజ్వల కళ్లు తుడుచుకుని, గ్లాసులో పానకం పోసింది. యాలకుల పొడి వేసి కలిపింది. శ్రీపాద్ చదువుతున్నాడు.

"'అయ్యా, నేను చదువు లేనిదాన్ని. నాకు తెలిసిన అక్షరాలు మొక్కలే. ఇరవై ఆరేళ్లుగా ఈ తోటకి నేను పోసిన నీళ్లు ఎవరూ లెక్క పెట్టలేదు, నేనూ పెట్టలేదు. మీరు తోటని అందంగా చేస్తానంటే అడ్డం రాను. అందంలో నాకూ ఒక మూల ఇవ్వండి అంటున్నాను. నా బిడ్డ వేళ్ల కింద నిద్రపోతోంది. దాని నెత్తిన పొయ్యి వెలిగించకండి...'"

పేటలో అందరి అర్జీలూ విన్నది ఉజ్వల. ఇంత మంచిది ఎప్పుడూ వినలేదు. మొగుడి మీద పొద్దుటినుంచి ఉన్న కోపమంతా ఆ మాటలకి కరిగిపోయింది. ఎంతైనా మంచివాడు, భయపడ్డాడు అంతే అనుకుంది.

హౌసాబాయి బావురుమంది. "నా కడుపులో ఉన్నదంతా మీకెలా తెలిసింది మాస్టారూ! నేను చెప్పుకోలేనిది కూడా రాశారు."

ఉజ్వల గ్లాసు పట్టుకుని వచ్చింది. మొగుడి వెనకనుంచి వంగి, హౌసాబాయికి అందించబోయింది. శ్రీపాద్ ఇంకా చదువుతూనే ఉన్నాడు, బావి గురించి, కిసన్ గురించి, గేటు తాళం గురించి. వాక్యం మీద వాక్యం వస్తోంది.

కాగితం మీద ఏడు పంక్తులే ఉన్నాయి.

ఉజ్వల మళ్లీ చూసింది. ఏడు. రెండో కాగితం తెల్లగా అలాగే పక్కన ఉంది. అతని చూపు ఆ ఏడు పంక్తుల మీదే అటూ ఇటూ తిరుగుతోంది, నోరు మాత్రం ఆగడం లేదు.

ఆమె మొదటి పంక్తి చదివింది.

'నేను, కీ.శే. కిసన్ భార్య హౌసాబాయి, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా, సదరు గదిని వైశాఖ మాసాంతంలోగా ఖాళీ చేసి అప్పగించుటకు...'

చేతిలో గ్లాసు ఒలికి వేళ్ల మీద పడింది. చల్లగా తగిలింది. మిగతా ఆరు పంక్తులూ చదవనక్కర్లేకపోయింది.

"'...ఇట్లు, మీ తోటమాలి హౌసాబాయి,'" అని ముగించాడు శ్రీపాద్. వెనక్కి తిరగకుండానే సిరాదిండు ముందుకి జరిపాడు. "ఎడమచేతి బొటనవేలు."

హౌసాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. బొటనవేలు చీరకి రుద్దుకుంది, సున్నం అంటకూడదని. దిండు మీద గట్టిగా నొక్కింది.

"ఆగండి హౌసాబాయీ," అంది ఉజ్వల.

తన గొంతు తనకే వినబడలేదు. మళ్లీ అంది, గట్టిగా. "ఆగండి! ఆ కాగితం మీద వేలు పెట్టకండి."

హౌసాబాయి చెయ్యి గాలిలో ఆగింది. నల్లటి వేలు కాగితానికి జానెడు దూరంలో ఉంది. "ఏమైంది వహినీ?"

శ్రీపాద్ తల ఎత్తలేదు. కాగితాన్ని రెండు చేతుల్తో బల్లకి అదిమిపట్టుకున్నాడు. "ఉజ్వలా," అన్నాడు, పిల్లల్ని బతిమాలినట్టు, "లోపలికి వెళ్లు."

"వెళ్లను. ఆవిడకి ఇంకోసారి చదివి వినిపించండి. ఈసారి కాగితంలో ఉన్నది చదవండి."

హౌసాబాయి ఆమెనీ అతన్నీ మార్చి మార్చి చూసింది. నవ్వబోయి మానేసింది. వేలు మడిచి, కొంగు చాటుకి తీసుకుని, లేవడానికి నేల మీద చెయ్యి ఆన్చింది. "నేను రేపొస్తాను మాస్టారూ. కుందాకాకూని తోడు తెచ్చుకుంటాను."

అప్పుడు వినబడింది, ఠప్‌మని, వెనక గడియ పడిన చప్పుడు.

ఉజ్వల తిరిగి చూసింది. తలుపు మూసి ఉంది. యమూతాయి దానికి వీపు ఆన్చి నిలబడి ఉంది. గడియ మీద చెయ్యి ఉంది. ఆ ముసలి మొహంలో కోపం లేదు, కంగారు లేదు. పోథీ చదివేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"తలుపెందుకు వేశారు ఆయీ?"

అది ఉత్తరపు గుమ్మం. పంతొమ్మిదేళ్లలో ఉజ్వల ఆ గడప మీద ఎండ పొడ చూడలేదు.

"ఎండ కొడుతోందే," అంది యమూతాయి. "కూర్చో హౌసా. వేలి మీద సిరా ఆరిపోతుంది."